సరళాసాగర్ నీటిమట్టం కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

వానకాలం మొదలైతే మీ జిల్లా పేజీలో జూరాల, శ్రీశైలం నీటిమట్టాలు రోజూ కనిపిస్తాయి. మా కొత్తకోట, మదనాపురం రైతులు వాటిని శ్రద్ధగా చదువుతారు గాని, వారికి ముందుగా తెలియవలసిన, మా దగ్గరి సరళాసాగర్ జలాశయం మట్టం అందులో ఉండదు. దాని సైఫన్లు (నిండగానే నీటిని వాటంతటవే బయటికి వదిలే గొట్టాలు) తెరుచుకున్న మర్నాడు మాత్రం రంగుల ఫొటో వస్తుంది.

వనపర్తి సంస్థానం తవ్వించిన చెరువులను సప్తసముద్రాలని పిలుచుకున్న సీమ మాది. ఆ సంస్థానపు చివరి పాలకుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట శంకరమ్మపేట దగ్గర ఊకచెట్టు వాగుపై పూనుకున్న ఈ ప్రాజెక్టు 1959లో ప్రారంభమైంది. దీనికి ఎత్తే గేట్లు లేవు. నీరు నిండు మట్టం దాటగానే మొదట చిన్న ప్రైమింగ్ సైఫన్లు పారడం మొదలుపెట్టి పెద్ద సైఫన్ల గొట్టాల్లోని గాలిని లాగేస్తాయి. గాలి పోయిన గొట్టం నిండుగా పారుతుంది, మట్టం తగ్గి గాలి చొరబడగానే దానంతటదే ఆగిపోతుంది. మీట తిప్పే మనిషితో పని లేదు. ఆనాటి ఇంజినీర్ల పనితనాన్ని ఎంత పొగిడినా తక్కువే. అయితే గేటు ఎత్తేవాడు లేనిచోట, అర్ధరాత్రి కురిసిన వానకు నీరు ఎప్పుడు దూకుతుందో కింది ఊళ్లవారు ముందుగా పసిగట్టడం కష్టం.

ఉపాధ్యాయుడిగా ఆత్మకూరు వైపు బడికి సైకిల్‌పై వెళ్లే రోజుల్లో, మదనాపురం రైల్వే గేటు దగ్గరి కాజ్‌వే మీద ఒక పొద్దున నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. అవతలి గడ్డనుంచి పల్లికాయ బస్తాల బండి తోలుకొస్తున్న ముసలి రైతు నన్ను చూసి, "సారూ, నురుగు ఎర్రగొస్తున్నది, ఎనకకు మర్లు" అని కేకవేశాడు. ఆయన బండి ఇవతలికి ఎక్కిన కాసేపటికే కాజ్‌వే కనబడలేదు. ఊకచెట్టు వాగు పొంగితే ఆత్మకూరు దారి తెగిపోతుంది. కొత్తకోటకు చదువుకు వచ్చే పిల్లలు, మదనాపురంలోనే ఉన్న 'వనపర్తి రోడ్' స్టేషన్‌లో రైలు దిగినవారు ఎక్కడివారక్కడే ఆగుతారు. (వనపర్తి పేరు పెట్టుకుని మదనాపురంలో ఉన్న ఆ స్టేషన్ కొత్తవారిని తికమక పెట్టడం మామూలే.)

44వ నంబరు జాతీయ రహదారిపై పోయేవారికి కొత్తకోట అంటే బస్సు ఆగితే చాయ్ తాగే చోటు మాత్రమే. ఊళ్లోకి వస్తే మగ్గాలు, బియ్యం మిల్లులు, ఎరువుల దుకాణాలు, పల్లికాయ బేరాలు కనిపిస్తాయి. చెరువు కింద వరి పండిన ఏడు ఈ దుకాణాల అరువు పద్దులు తీరుతాయి, పండని ఏడు మేస్త్రీల వెంట వలసపోయేవారు పెరుగుతారు. 2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్ట తెగి, యాసంగికి నమ్ముకున్న నీరంతా దిగువనున్న రామన్‌పాడు జలాశయం వైపు పారిపోయినప్పుడు ఆ దిగులు బజారులో ప్రతి ముఖం మీదా కనిపించింది. ఆ ఉదయానికి ముందు వారాల్లో ఆ చెరువు ఎంత నిండి ఉందో రోజూ చదివే అలవాటు మాలో ఎవరికీ లేదు.

కాబట్టి జూలై నుంచి డిసెంబరు దాకా సరళాసాగర్ నిండు మట్టం, ఆనాటి మట్టం, పారుతున్న సైఫన్ల సంఖ్య రోజూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వీలైతే కోయిల్‌సాగర్, రామన్‌పాడు జలాశయాల మట్టాలు కూడా చేర్చండి. జూరాల అంకెల కింద రెండు వరుసల చోటు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొత్తకోట, వనపర్తి జిల్లా