హోం మంత్రి గారికి: భరణం వారంట్లు అమలు చేయించండి

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం నుంచి రాస్తున్నాను. విడాకులైన ఆడవాళ్లకు, భర్త వదిలేసినవాళ్లకు తోడుగా కోర్టుకు వెళ్తుంటాను. మెయింటెనెన్స్ (భరణం) కేసు ఎలా వేయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. గెలిచాక డబ్బు రాకపోతే ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లే లేరు.

చట్టంలో పెద్ద లోటు లేదు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ వచ్చింది. విడాకులై, మళ్లీ పెళ్లి చేసుకోకుండా, తనను తాను పోషించుకోలేని స్త్రీ భరణం అడగొచ్చు. ముస్లిం మహిళలకూ ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలని 2020లో రజనీష్, నేహా కేసులో చెప్పింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు కూడా.

మా కష్టమంతా ఆర్డరు వచ్చాకే. వానల్లేక వేరుశనగ దెబ్బతిన్న ఏడు ఇక్కడి మగవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. భరణం కట్టాల్సినవాడు కూడా అక్కడే ఏ బిల్డింగు పనిలోనో ఉంటాడు. ఒకటి రెండు నెలలు కట్టి ఫోన్ నంబరు మార్చేస్తాడు. కోర్టు వారంట్ ఇస్తే, స్టేషన్‌లో "ఊర్లో లేడు" అని రాసి తిప్పి పంపుతారు. పండక్కి వాడు ఊరికొచ్చాడని ఆమె పరుగెత్తుకెళ్లి చెబితే, వారంట్ గడువు అయిపోయింది, మళ్లీ తెచ్చుకోమంటారు. మళ్లీ వాయిదా, మళ్లీ ఒక రోజు కూలి పోవడం. పైగా బాకీ పడిన ఏడాదిలోగా అడగకపోతే ఆ నెల డబ్బుకు వారంట్ ఇవ్వరు. ఈ సంగతి తెలియక పాత బకాయిలు పోగొట్టుకున్న ఆడవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నిజంగా కట్టలేనివాడు కోర్టుకొచ్చి భరణం తగ్గించమని అడగొచ్చు. దానికి అదే చట్టంలో 146వ సెక్షన్ ఉంది. దాక్కునేవాళ్ల గురించే నేను రాస్తున్నది. కట్టకపోతే నెల వరకు జైలు వేయొచ్చు, జైలుకెళ్లొచ్చినా బాకీ అలాగే ఉంటుంది. కానీ ముందు మనిషి దొరకాలి కదా!

పోలీసులకు బందోబస్తులు, పనులు ఎక్కువని తెలుసు. అయినా ప్రతి స్టేషన్‌లో భరణం వారంట్లకు వేరే రిజిస్టరు పెట్టించండి. డీఎస్పీ నెలనెలా దాన్ని చూడాలి. భర్త ఎక్కడుంటే అక్కడి మెజిస్ట్రేటు ద్వారా ఆర్డరు అమలు చేయొచ్చని 147వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి బెంగళూరు పోలీసులతో మాట్లాడే బాధ్యత ఒక అధికారికి అప్పగించండి. చంకలో బిడ్డతో ఆమె ఆ మహానగరంలో అడ్రస్ వెతుక్కోలేదు.

ఎస్పీలకు సర్క్యులర్ సంక్రాంతికి ముందే పంపండి. బెంగళూరులో దాక్కున్న ఆ భర్తలంతా ఊళ్లకు వచ్చేది అప్పుడే.

ఇట్లు,
కళ్యాణదుర్గం నుంచి ఒక మహిళ