ఆదివారం పిల్లల పేజీలో బొమ్మల కథలు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది అనంతపురం. మీ పేపర్‌లో ఆదివారం వచ్చే పిల్లల పేజీ గురించి రాస్తున్నా. మా పాప మూడో తరగతి, ఇంతకుముందు పేపర్ రాగానే ఆ పేజీ లాక్కుని పోయేది, ఈమధ్య ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టేస్తోంది. ఏమే అంటే ‘కథ లేదు కదమ్మా’ అంటుంది. నిజమే, చుక్కలు కలపండి, తేడాలు కనుక్కోండి, రంగులేయండి, అంతే ఉంటోంది. నేనడిగేది ఒక్కటే, బొమ్మలకి ప్రాణమొచ్చే పాత కథలు ఉన్నాయి కదా, అవి వారానికొకటి వేయండి.

మా జేజి దసరాకి బొమ్మల కొలువు పెట్టేది. విజయదశమి రాత్రి హారతి ఇచ్చినాక ఒక బొమ్మని మెట్టు మీదే పడుకోబెట్టేది, అంటే కొలువు అయిపోయినట్టు, మరుసటి రోజు అన్నిటినీ పాత పంచె గుడ్డల్లో చుట్టి ట్రంకు పెట్టెలో సర్దేది. మా ఇంట్లో ఎప్పుడూ పడుకునేది ముక్కు దగ్గర పెచ్చు ఊడిన మట్టి రాధమ్మే. జేజి దాని తల కింద చేతిగుడ్డ మడిచి పెట్టి ‘గలాటా చేయొద్దండి, నిద్రపోతాంది’ అనేది, మేము నలుగురు పిల్లోళ్లం ఆ రాత్రంతా గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లం. లేచి కూర్చుందేమో అని నేను చీకట్లో రెండుసార్లు పోయి చూసినా.

అందుకే స్కూల్లో ఆండర్సన్ తగరపు సైనికుడి కథ చదివినప్పుడు, అది 1838లో డెన్మార్క్‌లో రాసిందైనా మా ఇంటి కథలాగే అనిపించింది. ఒక పాత తగరపు చెంచా కరిగించి 25 మంది సైనికుల్ని పోస్తారు, చివరివాడికి తగరం చాలక ఒక్క కాలే వస్తుంది. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకోగానే బొమ్మలన్నీ లేస్తాయి, బలపం కూడా పలక మీద ఆడుకుంటుంది. ఆ బలపం దగ్గరే నేను పడిపోయినా, ఎందుకంటే మా అందరి సంచుల్లో బలపం ఉండేది.

ఇంకోటి మీరు ఎడిటర్ కాబట్టి చెప్తున్నా. చెక్కబొమ్మ పినోకియో కథ 1881లో ఇటలీలో పిల్లల పత్రికలో సీరియల్‌గానే మొదలైంది. రచయిత కొల్లోడి 15వ అధ్యాయంలో ఆ బొమ్మని చెట్టుకి ఉరేసి కథ ముగించేసినాడు. చదివే పిల్లలు ఒప్పుకోలేదు, ఎడిటర్ మళ్లీ రాయమని అడిగితే 1882లో తిరిగి మొదలుపెట్టినాడు, 1883లో పుస్తకం వచ్చింది. పత్రిక అడగబట్టే ఆ బొమ్మ బతికింది.

మనకి తక్కువేం లేదు. విక్రమార్కుడి సింహాసనానికి 32 సాలభంజికలు, భోజరాజు ఎక్కబోయిన ప్రతిసారీ ఒక బొమ్మ నోరు తెరిచి ఆగమంటుంది, ఆయన గొప్పతనం నీకుందా అని కథ చెప్తుంది. రాజునే నిలదీసే బొమ్మలండీ, ఇంతకన్నా పిల్లలకి ఏం కావాలి? కొరవి గోపరాజు 15వ శతాబ్దంలోనే దాన్ని తెలుగులో రాసినాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుని వెలుతురు దాటేంత పల్చగా గీకి, రంగులేసి, చేతులు దారాలతో కట్టి, తెర వెనక దీపం పెట్టి తోలుబొమ్మలాట ఆడిస్తారు, ఆ ఊరి దళవాయి చలపతి రావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ ఆటలో నవ్వించే బంగారక్క, కేతిగాడి మాటలు పిల్లలకి తగ్గట్టు రాయించి, పక్కన ఆ తోలుబొమ్మ ఫొటో వేసినా చాలు, మా పాప కత్తిరించి దాచుకుంటుంది.

పెద్ద ఖర్చేం కాదు, పావు పేజీ ఇవ్వండి. కుదిరితే ఈ దసరాకే మొదలుపెట్టండి, తొమ్మిది రోజులూ రోజుకొక బొమ్మ కథ వేయండి. ట్రంకు పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది, కొలువు ముందర కూర్చోబెట్టి మా పాపకి, మా వీధి పిల్లలకి నేనే చదివి వినిపిస్తా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అనంతపురం