సైన్స్ డే నాడైనా మైక్రోస్కోపు గది తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 28 దగ్గర పడిందంటే ఉమ్మడి వరంగల్ జిల్లా బడుల్లో, కాలేజీల్లో థర్మాకోల్ మోడళ్లు, రంగుల చార్టులు తయారవుతాయి. రామన్ గారి ఫొటోకు దండ పడుతుంది. చార్టు మీద మాత్రం పదార్థానికి ఆ మూడు స్థితులే: ఘనం, ద్రవం, వాయువు. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఆ చార్టులో లేని ద్రవస్ఫటికం అనే స్థితిని మన పిల్లలు కళ్లారా చూడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా వాడకట్టు పిల్లలతో ఒక పని చేయించాను. పాడైన రెండు క్యాలిక్యులేటర్ల తెరల మీది, వెలుగు కంపనాలను ఒకే దిక్కులో పోనిచ్చే పోలరాయిడ్ పొరలు ఊడదీశాం. ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పితే ఒక దగ్గర పూర్తిగా చీకటవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కను గాజుపలక మీద వేసి కాసేపు ఫ్యాన్ కింద ఆరనిచ్చి, ఆ రెండు పొరల మధ్య పెట్టాం. చుక్క నడుమంతా నల్లగానే ఉంది. అంచు మాత్రం వెన్నెల గీతలా వెలిగింది. పదో తరగతికి పోయే ఒకమ్మాయి చాలాసేపు చూసి, "సార్, నీళ్లు ఆరిన చోటే మెరుస్తుంది" అంది. నేను చెప్పకముందే అసలు విషయం పట్టుకుంది!

నీళ్లు తగ్గేకొద్దీ సబ్బు అణువులు వరసలు కడతాయి. ద్రవంలా కదులుతూనే స్ఫటికంలా క్రమం పాటిస్తాయి. ఇలా నీళ్ల పాలును బట్టి స్థితి మారేవాటిని లయోట్రోపిక్ ద్రవస్ఫటికాలు అంటారు. వేడిని బట్టి మారేవి వేరే రకం. 1888లో రైనిట్జర్ అనే శాస్త్రవేత్త మొదట గమనించినవీ, మన టీవీ తెరల్లో ఉండేవీ ఆ రకమే. సబ్బు కాచేవాళ్లకు ఇంకో వింత కూడా తెలుసు. సబ్బులో నీళ్లు ఎక్కువైతే పల్చబడాలి కదా, ఒక పాలు దగ్గర అది ఉల్టా గట్టిపడి కూర్చుంటుంది. ఆ దశలో అణువులు అంతకుముందున్న పొరల అమరిక వదిలేసి కడ్డీల్లా కట్టలు కట్టుకుంటాయి.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది పొరల సంగతి. నాటేసిన మడిలో నారులా అణువులు నిటారుగా నిలబడతాయి, పొరకూ పొరకూ మధ్య నీళ్లు. కొన్ని పదార్థాల్లో మాత్రం గాలికి ఒరిగిన వరిలా అన్నీ ఒకే వైపు వాలతాయి. మధ్యలో నీళ్లు అడ్డమున్నా పక్క పొర కూడా దీన్ని చూసే వాలుతుంది. చేనులోనైతే రెండు మళ్ల మీదా వీచేది ఒకటే గాలి. ఇక్కడ గాలి లేదు, మరి ఆ కబురు నీళ్లు దాటి ఎలా పోతుంది? అణువులకు మన చేతుల్లా కుడి ఎడమల తేడా ఉంటే ఇంకా విచిత్రం. వాలిన దిక్కు పొరపొరకూ కొంచెం కొంచెం తిరుగుతూ పోతుంది, ప్రతి పొరలో ఒక పక్కకు ప్లస్, ఇంకో పక్కకు మైనస్ విద్యుదావేశం తేలుతుంది. వేడితో మారే రకంలో దీన్ని 1975లోనే చూపించారు. నీళ్లున్న రకంలో చూపించడానికి 2013 దాకా పట్టింది. ఆ పని జర్మనీలోని స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో బ్రూక్నర్, గీసెల్మన్‌ల బృందం చేసింది.

ఇదంతా ఎక్కడో జర్మనీ ముచ్చట అనుకోవద్దు. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న పొరదీ ఇదే కుటుంబం. ఊపిరితిత్తుల లోపలి తడిలో డీపీపీసీ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. దాన్ని విడిగా నీళ్లలో కలిపి గది వేడిలో ఉంచితే అణువుల తోకలు వాలి ఉంటాయి, 41 డిగ్రీలు దాటితే వదులై కదలడం మొదలుపెడతాయి. వేడితో మారే రకంలోనూ మనవాళ్ల పేరుంది. బిళ్లల్లాంటి అణువులు కూడా ద్రవస్ఫటికాలు అవుతాయని 1977లో బెంగళూరులో చూపించింది రామన్ గారి మేనల్లుడు శివరామకృష్ణ చంద్రశేఖర్, ఆయన సహచరులు.

పోలరాయిడ్ పొరలతో వెలుగు కనపడుతుంది గానీ అణువుల పొరల తీరు కనపడదు. దానికి అలాంటి పోలరాయిడ్‌లే అమర్చిన పోలరైజింగ్ మైక్రోస్కోపు కావాలి. అందులో చూస్తే ఉల్లిగడ్డలా పొరలు చుట్టుకున్న ప్రతి బొట్టు మీదా నల్లటి ప్లస్ గుర్తు కనిపిస్తుంది. కొత్తగా కొనమని నేను అడగడం లేదు. జియాలజీ చెప్పే చోట రాళ్లను పల్చగా కోసి చూసేది ఆ మైక్రోస్కోపులోనే. గ్రానైటు, బొగ్గు గనుల ప్రాంతం మనది, ఆ పరికరం మనకు పరాయిది కాదు.

రెండేళ్ల కింద మా సొంతూరికి దగ్గర్లోని ఒక కాలేజీకి పదకొండు మంది పిల్లలను తీసుకుపోయాను. మొదటిసారి లెటర్ కావాలన్నారు. లెటర్ పట్టుకుని మళ్లీ పోతే తాళంచెవి ఉన్నాయన లీవులో ఉన్నాడన్నారు. అద్దాల తలుపు అవతల కవరు కప్పి ఉన్న మైక్రోస్కోపును పిల్లలు బయటి నుంచే చూసి బస్సెక్కారు. ఆ రోజు వాళ్ల మొహాలు నేనింకా మరిచిపోలేదు.

1959లో ఆర్ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ)గా మొదలైన ఎన్ఐటీ, 1976 నుంచి ఉన్న కాకతీయ యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉన్నాయి. ఈ రెండు సంస్థల పెద్దలకు, జిల్లా విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. వచ్చే ఫిబ్రవరి 28న ఒక్క పూట, ఒక్క మైక్రోస్కోపు సర్కారు బడి పిల్లల కోసం తెరిచి ఉంచండి. ఏ బడి ఏ టైముకు రావాలో నెల ముందే చెబితే హెడ్‌మాస్టర్లు బస్సు చూసుకుంటారు. గాజుపలకలు, సబ్బు లిక్విడ్ నేను తెస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కన నిలబడి ఫోకస్ సరిచేసే పని కూడా నాదే.

— ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, హన్మకొండ