‘ఈ రోజు రాలేను’ అన్న ఒక్క మెసేజ్ సరిపోవాలి: కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేము దుకాణాల్లో, ప్రైవేటు ఆఫీసుల్లో హాజరు పట్టీలు, జీతాల లెక్కలు చూసేవాళ్లం. ముందు అనుకోకుండా తీసుకోవలసివచ్చే ఒక్క రోజు సెలవు గురించి ఈ ఉత్తరం. మూడు రాత్రులుగా నిద్ర లేనివాళ్లకు, ఇంటి గొడవతో మనసు చెదిరినవాళ్లకు, నెలాఖరు లెక్కలు ముగించేసరికి ఒళ్లు హూనమైనవాళ్లకు విశ్రాంతి ఏ తేదీన కావాలో వారం ముందు తెలియదు. ఆ ఉదయం లేచాకే తెలుస్తుంది.

చట్టం ఈ అవసరాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 30వ సెక్షన్ కింద ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవుతో పాటు, ‘ఏదైనా సహేతుక కారణం’ మీద మరో 12 రోజుల సీఎల్ (క్యాజువల్ లీవ్) జీతంతో ఇవ్వాలి. 240 రోజులు పనిచేసినవాళ్లకు వచ్చే 15 రోజుల సెలవు వీటికి అదనం. చిక్కంతా ఆ ‘సహేతుకం’ దగ్గరే. అలసిపోయానంటే సహేతుకమా కాదా అన్నది ఫ్లోర్ ఇన్‌ఛార్జి తేలుస్తున్నాడు. నిజం చెబితే సెలవు దొరకదు కాబట్టి జ్వరమంటారు, ఊళ్లో ఎవరో పోయారంటారు. సీఎల్‌కు అక్కర్లేని మెడికల్ సర్టిఫికెట్ కోసం డబ్బు పెట్టి క్లినిక్ చుట్టూ తిరుగుతారు. విశ్రాంతి రోజు కాస్తా అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనన్న దిగులుతో గడిచిపోతుంది.

జీతంలో కోత ఎలా పడుతుందో కూడా చూడండి. చాలా చోట్ల హాజరు యాప్ అదే రోజు తేదీతో సీఎల్ తీసుకోదు. ఇన్‌ఛార్జి ఒప్పుకున్నా, యాప్‌లో ఎక్కక నెలాఖరుకు అది జీతం లేని రోజుగా తేలుతుంది. నెలకు రూ.15,600 వచ్చే ఉద్యోగికి 26 రోజుల లెక్కన రోజు జీతం రూ.600. హాజరు బోనస్ రూ.1,000 ఉందనుకుంటే, ఒక్క రోజు నాగాతో అదీ మొత్తం పోతుంది. రాకపోయింది సోమవారమైతే కొన్ని చోట్ల ముందు రోజు ఆదివారాన్నీ కలిపి ఇంకో రూ.600 కోస్తారు. ఇది శుద్ధ తప్పు. 26తో భాగించినప్పుడే ఆదివారాల జీతం ఆ 26 రోజుల్లో సర్దుకుంది. మళ్లీ కోస్తే ఒకే డబ్బు రెండుసార్లు కోసినట్టు. వెరసి ఒక పూట నిద్రకు రూ.2,200 ఖరీదు. ఉద్యోగుల బీమా పథకం ఈఎస్ఐ ఉంది కదా అనవచ్చు. ఈఎస్ఐ జబ్బు భత్యం మామూలుగా మొదటి రెండు రోజులకు రాదు. ఒక్క రోజు సెలవుకు అది అక్కరకు రాదు.

2025 జులైలో ప్రభుత్వం, దుకాణాలను మినహాయించి, వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతి ఇచ్చింది. రోజు అంత పొడవైనప్పుడు మధ్యలో ఆగే వీలు కూడా అంతే గట్టిగా ఉండాలి.

అందుకే ఒక సర్క్యులర్ అడుగుతున్నాం. 12 సీఎల్‌లలో కనీసం నాలుగు కారణం అడగకుండా ఇవ్వాలి. డ్యూటీకి గంట ముందు ఫోనో, మెసేజో చేస్తే సరిపోవాలి. యాప్‌లో ఎక్కించే బాధ్యత అదే రోజు సాయంత్రంలోగా ఇన్‌ఛార్జిదే. ఆ నాలుగు రోజులకు హాజరు బోనస్ తగ్గకూడదు. ఆ రోజు పని గురించి ఫోన్లు చేయకూడదు. ‘ఒక్క నిమిషం’ అంటూ మూడు ఫోన్లు వస్తే ఇక అది సెలవే కాదు.

దుకాణం నడవదని యజమానులు భయపడతారు. లెక్క వేద్దాం. పది మంది ఉన్న చోట అందరూ 12 సీఎల్‌లూ వాడుకుంటే 120 రోజులు. వారానికి ఒక సెలవు పోను ఏడాదికి 313 పని దినాలు. అంటే సగటున రెండున్నర రోజులకు ఒకరు రారు. అసలు ఇబ్బంది సగటుతో రాదు, ఒకేసారి ముగ్గురు రాకపోతే వస్తుంది. కాబట్టి ఒక విభాగంలో పది మందికి ఒకరు చొప్పున, ముందు మెసేజ్ పెట్టినవారికి ఇవ్వవచ్చు. దసరా, దీపావళి లాంటి రద్దీ రోజులు ఏడాదికి ఓ పదింటికి ఈ నియమం వర్తించదని ముందే బోర్డు మీద ప్రకటించే హక్కు యజమానికి ఇవ్వడం న్యాయమే. ఒకే ఫార్మసిస్టు ఉన్న మందుల దుకాణం సంగతి వేరు. అతను లేకుండా ప్రిస్క్రిప్షన్ మందులు అమ్మకూడదు గనుక, రెండో ఫార్మసిస్టు పేరు ముందే లైసెన్సులో చేర్పించుకోవాలి.

ఉద్యోగి వైపు నుంచి జరగాల్సిందీ ఉంది. తాళాలు ఎవరి దగ్గర, క్యాష్ ఎంత, ఈ రోజు ఏ సరుకు దిగాలి, ఏ కస్టమర్‌కు ఏం మాటిచ్చాం అన్నవి రోజూ డ్యూటీ దిగేముందు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. ఐదు నిమిషాల పని. సాధారణంగా సెలవు రోజు ఫోన్ మోగేది ఈ పుస్తకం లేకనే. ఇక ఒకే మనిషి రెండు నెలల్లో నాలుగు సెలవులూ వాడేశారంటే మెమో ఇవ్వడం కాదు, షిఫ్ట్ పట్టిక తీసి చూడాలి. రాత్రి పదింటికి దిగి, తెల్లవారి ఏడింటికి ఎక్కే డ్యూటీలు వరసగా పడుతున్నాయేమో గమనించాలి. అది కాక దిగులు వారాల తరబడి వదలకపోతే ఒక్క రోజు సెలవు సరిపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 హాజరు పట్టీ పక్కనే అతికించి ఉండాలి.

చాలా సంస్థల్లో వాడని సీఎల్‌లు డిసెంబరు 31తో మురిగిపోతాయి. ఆ లోపే ఈ సర్క్యులర్ తెలుగులో, ఒక పేజీలో, ఫిర్యాదు తీసుకునే సహాయ కార్మిక అధికారి ఫోన్ నంబరుతో సహా ప్రతి సంస్థ గోడ మీదికి చేరేలా చూడండి.

ఇట్లు,
హాజరు పట్టీలు రాసే కొందరు ఉద్యోగులు