హైట్‌కు వెయిట్ ప్రాస కాదు

హన్మకొండ

బిడ్డా,

మూడో తరగతికి రైమింగ్ వర్డ్స్ చార్టు చదివిస్తే సరిపోతదా అని అడిగినవు. సరిపోదు. చార్టులు స్పెల్లింగ్ చూసి జతలు కడుతయి. ప్రాస చెవితోని తేల్చుకునేది. మీ బడికి నర్సమ్మ వచ్చినప్పుడు పిల్లల ఎత్తు, బరువు రాసే కార్డు తీసి చూడు. హైట్, వెయిట్ అని పక్కపక్కనే ఉంటయి. మొదటి అక్షరం పక్కకు పెడితే మిగిలిన ఐదు అక్షరాలు అచ్చం అవే. అయినా హైట్‌కు ప్రాస లైట్, వైట్, బైట్. వెయిట్‌కు ప్రాస లేట్, గేట్, ఎయిట్. రెండింటినీ ఒక్క వరుసల పెట్టినవంటే పిల్లలు ఏదో ఒకటి తప్పు పలుకుడు ఖాయం.

డబుల్ ఓ పక్కన డీ ఉన్న మాటలు ఇంకో తికమక. బ్లడ్ అంటే రక్తం, దానికి ప్రాస మడ్, అంటే బురద. గుడ్‌కు ప్రాస వుడ్, అంటే కట్టె. మూడోది తిండి. దాన్ని మనమందరం ఫుడ్ అని పొట్టిగ అంటం, అందుకే అది పోయి గుడ్ పక్కన కూసుంటది. అసలు పలుకు ఫూడ్, దీర్ఘం ఉండాలె. అప్పుడు మూడ్‌కు, రూడ్‌కు ప్రాస అయితది. రూడ్ అంటే మొరటు. అట్లనే 'పెయిడ్'ల ఉన్న ఏ-ఐ అక్షరాలే 'సెడ్' స్పెల్లింగ్‌ల గూడ ఉంటయి, కానీ సెడ్ పోయి రెడ్‌తోని కలుస్తది. 'సే'కు ఎస్ చేరిస్తే సేస్ కాదు, సెజ్.

ఇట్లెందుకు రాస్తరని పిల్లలు అడుగుతరు, అడగాలె గూడ. విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌ల అచ్చు యంత్రం పెట్టింది 1476ల. అచ్చు పుస్తకాలు పెరిగినకొద్దీ స్పెల్లింగ్ గట్టిపడుకుంట వచ్చింది. అదే కాలంల దీర్ఘాల పలుకు మారుతనే ఉండె, ఆ మార్పు ఇంకో రెండు వందల ఏండ్ల దాక సాగింది. రాత ఆగింది, నోరు ఆగలేదు. లైట్‌ల ఇప్పుడు పలకని జీ-హెచ్ ఒకప్పుడు పలికేదే, మనోళ్లు 'ఖబర్' అంటే ఉర్దూ తెలిసినోళ్ల గొంతుల గీసుకున్నట్టు వస్తది చూడు, దాదాపు ఆ ధ్వని. అది కొన్ని మాటల్ల పూర్తిగ పోయింది, టఫ్, కాఫ్ లాంటి వాటిల 'ఫ' అయ్యింది. టఫ్ అంటే గట్టిది, కష్టమైనది. కాఫ్ అంటే దగ్గు.

ప్రాస అంటే ఏందో నీకు ముందు తేటగ ఉండాలె. మన పద్యంల ప్రాస పాదం రెండో అక్షరం మీద ఉంటది. పోతన పద్యాలు కంఠస్థం చేసిన చెవి అక్కడికే పోతది. ఇంగ్లిష్‌ల చెవిని మాట చివరికి మళ్లించాలె. ఊనిక పడే, అంటే నొక్కి పలికే, అచ్చు నుంచి చివరి దాక ఒక్కతీరు ఉండాలె, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం మారాలె. స్టేషన్, నేషన్, రిలేషన్ ఇందుకు సరిపోతయి. చివరి హల్లు గానీ, అచ్చు పొడవు గానీ కొంచెం తప్పితే అది దగ్గరి ప్రాస. అర్థం బోల్తా పడేది ఈ దగ్గరి ప్రాసల్లనే, కాబట్టి నీ టైమంతా వీటికే పెట్టు.

అచ్చు పొడవు జతలు మన పిల్లలకు అల్కగ వస్తయి. ఎ, ఏ తేడా తెలుగుల పుట్టుకతోనే ఉన్నది. టెస్ట్ పరీక్ష, టేస్ట్ రుచి. వెస్ట్ పడమర, వేస్ట్ దండగ. డెట్ అప్పు, డేట్ తారీఖు. డెట్ స్పెల్లింగ్‌ల బీ ఉంటది గని పలకదు. ఫుల్ నిండుగ, ఫూల్ తెలివి తక్కువోడు. లివ్ బతుకుడు, లీవ్ విడిచిపోవుడు. ప్రతి చార్టు మీద షిప్, షీప్ వేస్తరు. మీ దిక్కు గొర్లు కావల్సినన్ని ఉన్నయి గని ఓడ ఏడ చూస్తరు? ఫిల్, ఫీల్ చెప్పు, దినాం వాడేవి.

మనకు చిక్కంతా చివరి హల్లుతోనే. 'రైస్ ప్రైస్ రైజ్ అయింది' అని బోర్డు మీద రాసి మొదలుపెట్టు. రైస్ బియ్యం, ప్రైస్ ధర, ఈ రెండు పక్కా ప్రాస. రైజ్ పెరుగుడు, అది దగ్గరి ప్రాస. దాని చివర ఉన్నది మన 'జీతం'ల జ కాదు. 'స' అన్నట్టే నాలుక పెట్టి గొంతు మోగించాలె, తుమ్మెద రొద తీరు. గొంతు మీద రెండు వేళ్లు పెట్టించి పలికిస్తే వేళ్లకే తెలుస్తది. రైస్‌కు చివర అదురు ఉండదు, రైజ్‌కు ఉంటది. ఇంకో గుట్టు, చానామంది టీచర్లు ఇది చెప్పరు. మోగే హల్లు ముందు అచ్చు కొంచెం సాగుతది. రైజ్‌ల 'ఐ' రైస్‌ల కన్న పొడుగు. సీడ్‌ల 'ఈ' సీట్‌ల కన్న పొడుగు. బ్యాగ్, బ్యాక్ గూడ అంతే, క్యాబ్, క్యాప్ గూడ అంతే. చివరి ధ్వని సరిగ వినపడకపోయినా, మన పిల్లల చెవి పొడవును పడుతది. పత్తి విత్తనాల ప్యాకెట్టు మీద సీడ్ అని ఉంటది, అదే తెచ్చి చూపించి పలికియ్యి.

ఇదే స, జ తేడా పెద్దోళ్లం గూడ దినాం తప్పుతం. ప్యాంటు లూజ్ అయ్యిందంటం. వదులుకు మాట లూస్, ప్రాస గూస్, అంటే బాతు తీరు పెద్ద పక్షి. లూజ్ అంటే పోగొట్టుకునుడు, ఓడిపోవుడు. దాని స్పెల్లింగ్‌ల ఓ ఒక్కటే, ప్రాస చూజ్. ఈ చూజ్‌కు మళ్లా రెండు ఓలు ఉంటయి, ఇంగ్లిష్ అంటే గింతే. 'క్లోజ్ ఫ్రెండ్' అనుడు గూడ తప్పే. దగ్గరోడు క్లోస్ ఫ్రెండ్, తలుపు మూసుడు క్లోజ్. ఇక్కడ పట్టుకునేటందుకు ఒక తొవ్వ ఉన్నది. ఒకే మాట నామవాచకం, క్రియ రెండూ అయ్యే చోట చానాసార్లు పేరుకు స, పనికి జ. యూస్ ఉపయోగం, యూజ్ వాడుడు. అడ్వైస్ సలహా, అడ్వైజ్ సలహా చెప్పుడు. ఎక్స్‌క్యూస్ సాకు, ఎక్స్‌క్యూజ్ మన్నించుడు. బిలీఫ్, బిలీవ్ గూడ ఆ దారిదే, స, జ బదులు ఫ, వ.

చివర ఈ-డీ అక్షరాలు చేరిన క్రియలు కొన్ని వేరే మాటల్ల పోయి కలుస్తయి. గెస్ చేసిండు అన్నది గెస్సెడ్ కాదు, చుట్టానికి వాడే 'గెస్ట్' లెక్కనే పలుకుతరు, బెస్ట్‌కు ప్రాస. పాస్ అయిన దానికి, గతానికి రెండింటికీ పాస్ట్ అనే ఒక్క పలుకు.

పడమర వెస్ట్, బనీను వెస్ట్ పక్కా ప్రాస. మన నోట్ల రెండూ ఒక్కటే మాట అయిపోతయి, తెలుగు రాతల గూడ తేడా చూపలేం. బనీనుకు పై పండ్లు కింది పెదవిని తాకాలె. పడమరకు పండ్లు ఎక్కడా తాకొద్దు, పెదవులు సున్న చుట్టి విడవాలె. చిన్న అద్దం చాలు.

ఇగ తరగతిల ఎట్ల చెయ్యాలెనంటే, ఇంగ్లిష్ పీరియడ్ మొదట్ల 10 నిమిషాలు తియ్యి, రోజుకు రెండు జతలే. ముందు చెవి. నోటుబుక్కు అడ్డం పెట్టుకొని జతల ఏదో ఒక మాట అను, పిల్లలు ఒక వేలో రెండు వేళ్లో ఎత్తాలె. వరుస మార్చుకుంట 10 సార్లు. నోరు కనపడితే పెదవులు చూసి చెప్తరు, చెవి పని చెయ్యది. 8 సరిగ చెప్పేదాక నోటికి పోకు. నోటికి వచ్చినంక ఒక్కో మాటకు ఒక్క చప్పట్ల దెబ్బ. క్యాట్‌ను 'క్యాటు' అన్నోడు రెండు దెబ్బలు కొడుతడు, వానికే తెలిసిపోతది. మనకు మాట చివర అచ్చు లేకుంటే తోచదు గద, ఆ ఉకారం ఊకె వచ్చి తగులుకుంటది. స్పెల్లింగ్ అన్నిటికన్న ఆఖరున రాయి. ముందే రాస్తే కండ్లు చెవిని నమ్మనియ్యయి. అర్థానికి రెండు మాటలూ పట్టే ఒకే వాక్యం ఇయ్యి. 'ఐ వాంట్ టు లివ్ హియర్', 'ఐ వాంట్ టు లీవ్ హియర్' చెప్పి, ఉంటడా పోతడా అని అడుగు. రెండు మాటలూ ఇమడని వాక్యంల పెడితే పిల్లలు సందర్భం చూసి ఊహించి చెప్తరు, విననే వినరు.

పరీక్ష పేపర్ల టైమ్‌కు ఫైన్ ప్రాస రాస్తే ఎర్ర గీత కొట్టకు. అది దగ్గరి ప్రాస, పాటల్ల గూడ నడుస్తది. పక్కన లైమ్ అని రాసి చూపియ్యి. మంత్, అంటే నెల, అని ఇస్తే పిల్లల తప్పేం లేదు, దానికి మామూలు ఇంగ్లిష్‌ల పక్కా ప్రాసే లేదు. ఆ మాట ప్రశ్నల నుంచే తీసెయ్యి.

మీ బాపు