దోమల మధ్య కూర్చోబెట్టి కాయిల్ వెలిగించొద్దంటే ఎలాగండీ?

అయ్యా,

గర్భిణులు ఇంట్లో వాడే రసాయనాలతో జాగ్రత్తగా ఉండాలని, లేకపోతే పుట్టబోయే మగపిల్లల జననాంగాల ఎదుగుదల దెబ్బతినొచ్చని ఆమధ్య మీ కుటుంబం పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. సార్వా ఊడ్పుల్లో పడి వెంటనే రాయలేకపోయాను. కోపం మాత్రం చల్లారలేదు.

అందులో తప్పు రాశారని కాదు. కాయిల్ వెలిగించొద్దు, సెంటు కొట్టుకోవద్దు, ఫినాయిల్ ముట్టుకోవద్దు, ప్లాస్టిక్ డబ్బాలో వేడివేడిగా ఏదీ పెట్టొద్దు. అన్నీ మంచి మాటలే, అన్నీ కడుపుతో ఉన్న పిల్లకే. పంచాయతీకి ఒక్క 'వద్దు' లేదు, కంపెనీలకీ లేదు. మా చెల్లెలి కోడలికి ఇప్పుడు మూడో నెల. ఆ పేజీ చదివిన దగ్గర్నుంచీ ఒకటే టెన్షన్. రేపు బిడ్డకి ఏమైనా అయితే తన తప్పే అంటారని భయం. అనడానికి మనవాళ్లు ఎప్పుడూ సిద్ధమే, మీరు ఆధారం కూడా అచ్చువేసి ఇచ్చారు.

ముందు దోమల సంగతి. మాది రాజోలు వైపు ఊరు. ఇంటి ముందు మురుగు, వెనకాల చెరువు, ఆ పక్కన చేను. బోదకాలు ప్రాంతమని ఏళ్ల తరబడి ఇంటింటికీ మాత్రలు పంచారు. గర్భిణులకి ఆ మాత్రలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇక ఆమెకి మిగిలింది దోమతెర, కాయిల్. సాయంత్రం పూట దోమతెర కప్పుకుని వంట చేయమంటారా? బోదకాలు తెచ్చే దోమ పెరిగేది మురుగునీట్లోనే. ఆ మురుగు పోవాల్సిన డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీసి గట్టు మీదే పోస్తారు, మళ్లీ వానకి అదంతా డ్రెయిన్‌లోకే దిగుతుంది. బిల్లు మాత్రం పాసవుతుంది. ఫాగింగ్ మిషన్ మంత్రిగారు వచ్చే ముందు రోజు మా ఊళ్లో కనిపిస్తుంది. దోమలు కూడా ప్రోటోకాల్ పాటించాలి మరి.

ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని 2003లోనే ఒక పరిశోధన తేల్చింది. ఇప్పుడు దానికి తోడు కిళ్లీ కొట్లో దోమల అగరబత్తులు దొరుకుతున్నాయి. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం దోమల్ని చంపే మందు ఏదైనా రిజిస్టర్ కావాలి. మా వీధి చివర కొన్న పెట్టె మీద ఆ నంబరు లేదు. ఇది ఎవరు చూడాలని ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి వెళ్తే, "ఇంట్లో వాడే సరుకు కదండీ, మాది కాదండీ, అయినా చూద్దామండీ, ఆయ్" అని మర్యాదగా సాగనంపారు. మర్యాదకి మా దగ్గర ఏనాడూ లోటు లేదు.

ఇక సువాసనలు. థాలేట్లని ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి వాడతారు, వాటిలో కొన్నిటిని సెంటు వాసన నిలవడానికీ వాడతారు. కడుపులో మగబిడ్డకి సుమారు 8 నుంచి 14 వారాల మధ్య, ఆ బిడ్డ వృషణాల్లోంచే వచ్చే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వల్ల అవయవాలు రూపు దిద్దుకుంటాయి. చూలు ఎలుకలకి కొన్ని థాలేట్లు పెడితే, పుట్టిన మగ పిల్లల్లో వృషణాలు దిగకపోవడం, మూత్రరంధ్రం కొనకి కాకుండా కింది వైపు ఉండటం కనిపించాయి. 2005లో అమెరికాలో షానా స్వాన్ బృందం తల్లుల మూత్రం పరీక్షించి, వీటి ఆనవాళ్లు ఎక్కువున్న చోట మగశిశువుల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తక్కువగా (మగ హార్మోన్ తగ్గిందనడానికి అదొక గుర్తు) ఉందని చూపింది. అంతేగానీ ఫలానా తల్లి ఫలానా సీసా వాడబట్టే బిడ్డకి ఇలా అయిందని ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ ముక్క మీ వ్యాసంలో ఉండాల్సింది.

పైగా పక్కన సీమంతం ఫోటో వేశారు. గాజులు తొడిగించుకునే నాటికి ఆ 14 వారాలు ఎప్పుడో దాటిపోతాయి. మొదటి చెకప్పుకి వెళ్లేసరికే సగం గడువు అయిపోతుంది. ఇది చెప్పాల్సింది పెళ్లయిన కొత్తలో, కాలేజీలో. అక్కడ ఎవరు చెబుతున్నారు?

సరే, జాగ్రత్త పడదామనే అనుకుందాం. దేన్ని చూసి పడాలి? మా ఇంట్లో నేల తుడిచే లిక్విడ్ సీసాని కళ్లజోడు పెట్టుకుని అన్ని వైపులా చదివాను. నిమ్మకాయ బొమ్మ ఉంది, క్రిములు చస్తాయని ఉంది, లోపల ఏం కలిపారో మాత్రం లేదు. పౌడరు డబ్బా మీద పేర్లున్నాయి గానీ, ఆఖర్న 'పెర్ఫ్యూమ్' అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ ఒక్క మాట కింద ఎన్ని దాగున్నాయో కంపెనీకే తెలియాలి. చేలో కొట్టే మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక గుర్తు ఉంటుంది, చదువురాని కూలీకైనా అర్థమవుతుంది. పురుగుమందుకి ఉన్నపాటి నిజాయితీ మల్లెపూల వాసన సీసాకి లేకపోయింది.

చేతకాదా అంటే, చేశారు. పాలసీసాల్లో బిస్ఫినాల్-ఏ అనే ప్లాస్టిక్ రసాయనం ఉండకూడదని 2015లో భారతీయ ప్రమాణాల్లో రాశారు. పిల్లల బొమ్మల్లో థాలేట్లకి 2021 జనవరి నుంచి తప్పనిసరి పరిమితి పెట్టారు. పుట్టాక నోట్లో పెట్టుకునే బొమ్మకి హద్దు ఉంది. అదే బిడ్డ కడుపులో ఉండగా తల్లి పీల్చేదానికి కనీసం పేరు కూడా చెప్పరు.

అసలు విషయం ఇంకోటి మీరు వదిలేశారు. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి వృషణం సంచిలోకి దిగి ఉండదు. చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే దిగుతుంది. ఆరు నెలలకీ దిగకపోతే సర్జన్‌కి చూపించి, ఏడాది, మహా అయితే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలి. ఆలస్యమైతే రేపు సంతానానికి ఇబ్బంది, పెద్దయ్యాక వృషణ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. మా వైపు "పెద్దయితే అదే దిగుతుందిలే" అని పిల్లాడు బడికెళ్లేదాకా ఊరుకున్న ఇళ్లు నాకు తెలుసు. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పుడు దాని జాతీయ జాబితాలో 30 సమస్యలున్నాయి, అందులో పుట్టుకతో వచ్చే లోపాలు 9. గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదం ఉంది, గుండె జబ్బు ఉంది. వృషణం దిగకపోవడం మాత్రం లేదు. కాన్పయ్యాక 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది, బరువు తూస్తుంది, బొడ్డు చూస్తుంది. లంగోటీ విప్పి చూడమని ఆమె ఫారంలో ఒక్క గడి చేర్చడానికి ఖజానా ఏం ఖాళీ అవదు. ఎటొచ్చీ చూసిన తర్వాత ఎక్కడికి పంపాలో కూడా ఆమెకి చెప్పాలి. అక్కడే వస్తుంది తిరకాసు.

మీ పత్రికకీ ఒక మాట. ఆ వ్యాసం కిందే అర పేజీ నిండా గదికి సువాసన చల్లే స్ప్రే ప్రకటన వేశారు. మీ బతుకుతెరువు, కాదనను. ఈ ఉత్తరం వేసే రోజున మాత్రం దాని కింద ఇంకేదైనా వేయండి. చీరలదైతే మాకూ పనికొస్తుంది.

- ఒక రిటైర్డ్ సైన్స్ టీచరమ్మ, రాజోలు మండలం, కోనసీమ