క్రెమటోరియం ఆపరేటర్ పరీక్ష పాసయ్యాను, నేర్పిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. క్రెమటోరియం, అంటే పోయినవాళ్ళని ఫర్నేస్‌లో దహనం చేసే చోటు, దాని ఆపరేటర్ సర్టిఫికేషన్ పరీక్ష పాసయ్యాను. సాయం చేసిన వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను కానీ, నలుగురిలో చెప్పుకుంటే తప్ప మనసు ఊరుకోవడం లేదు.

ముందుగా మా సీనియర్ ఆపరేటర్ అన్నకి. ఫర్నేస్ మెయిన్ ఛాంబర్‌లో వేడి సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని ఎవరైనా బట్టీ పట్టొచ్చు. నన్ను తిప్పలు పెట్టింది నల్లపొగ. పొగ వస్తోందంటే మంట చాలడం లేదనుకుని ఇంకా పెంచాలనిపిస్తుంది. అన్న నన్ను కంట్రోల్ ప్యానెల్ ముందు నిలబెట్టి ఓపిగ్గా చెప్పాడు. కాయంలోని కొవ్వు ఒక్కసారిగా అంటుకుంటే దానికి సరిపడా గాలి అందదు, అందుకే పొగ. అప్పుడు మెయిన్ బర్నర్ తగ్గించాలి. రెండో ఛాంబర్ బర్నర్ జోలికి మాత్రం వెళ్ళకూడదు, ఎందుకంటే మిగిలిన పొగని కాల్చేది అదే. భారీ కాయం ఉంటే లోపలి ఇటుకలు పూర్తిగా వేడెక్కకముందే, రోజులో మొదటి దహనంగా తీసుకోమనడం కూడా ఇందుకేనట. ఇది తలకెక్కాక వేడి, గాలి, సమయం మీద అడిగిన ప్రశ్నలన్నీ తేలికైపోయాయి.

రికార్డులు చూసే అక్కకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నంబరు వేసిన చిన్న స్టీల్ బిళ్ళ కాయంతో పాటే లోపలికి వెళ్తుంది, మంటని తట్టుకుని అస్థికలతో పాటే బయటికొస్తుంది. లోపలికి పంపే ముందు, బయటికి తీశాక, పొడి చేసే ముందు, డబ్బాలో పెట్టేటప్పుడు ఆ నంబరు పైకి చదివి కాగితంతో సరిచూడమనేది అక్క. "తలుపు మూశాక మనం దిద్దుకోగలిగింది ఏమీ ఉండదు" అనేది. గుండె సరిగ్గా కొట్టుకోవడానికి ఒంట్లో పెట్టే పేస్‌మేకర్ ఉందా అని కుటుంబాన్ని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలని పట్టుబట్టేది కూడా ఆవిడే. దాని బ్యాటరీ వేడికి పేలుతుంది, ఇటుకలు పగలొచ్చు, దగ్గరున్న మనిషికి దెబ్బ తగలొచ్చు. సిలబస్‌లో ఇది చిన్న అంశమే. నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే ముందు చదవాల్సింది ఇదీ, ఆ నంబరు సంగతీ.

వీళ్ళిద్దరూ పోయినవాళ్ళ గురించి ఎప్పుడు మాట్లాడినా 'ఆయన', 'ఆవిడ' అనే అన్నారు. నేను ఆ పద్ధతి కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

నాకోసం షిఫ్టులు మార్చుకున్న తోటివాళ్ళకి, రాత్రిళ్ళు ఫోన్‌లో ప్రశ్నలడిగి నా టెన్షన్ తగ్గించిన మిత్రుడికి, ఈ పనేంటని ఒక్కసారి కూడా అనని మా ఇంట్లోవాళ్ళకి పేరుపేరునా ధన్యవాదాలు.

ఈ పరీక్షకి చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. నా నోట్స్ పంపిస్తాను. అక్క రాసిచ్చిన చెక్‌లిస్ట్ కూడా ఇస్తాను, ఆవిడ సరేనన్నారు.